పులివేషం కథను మళ్లీ మొదటి నుంచి రాశాం

ఒడిశాలోని బరంపురంలో మా వీధి కుర్రాళ్లు ఫోన్‌తో తీసిన పులివీరుడి వీడియోలు ఒకప్పుడు చుట్టుపక్కల అందరి ఫోన్లలో తిరిగేవి. తీసింది మా పెదనాన్నగారి అబ్బాయి. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో వేసే పులివేషం వేసుకున్న కుర్రాడు రాత్రిళ్లు వాడల్ని కాపాడతాడు, అంతే కథ. మొదటి భాగం అందరికీ నచ్చింది. తర్వాత ఒక్కో భాగంలో ఒక్కో కొత్త శక్తి కలుపుతూ పోయారు. చివరికి పులి మేఘాల్లో ఎగురుతూ, కళ్లలోంచి మంటలు చిమ్ముతూ, ఆకాశం నుంచి దిగిన మాంత్రికుడితో కొట్లాడింది. చూసేవాళ్లు తగ్గిపోయారు, సిరీస్ ఆగిపోయింది. అన్నయ్యకి సూరత్‌లో పని దొరికింది. వెళ్లే ముందు "నువ్వు రాయవే, మళ్లీ మొదలెట్టండి" అని కథ నాకు అప్పగించాడు.

ఇదే ఇబ్బంది పెద్ద సినిమాలకూ వచ్చింది కాబట్టి ముందు వాటిని దగ్గర పెట్టుకుని చూశాం. 1997లో బ్యాట్‌మ్యాన్ అండ్ రాబిన్‌తో ఆ వరస ఆగిపోయింది. 2005లో క్రిస్టఫర్ నోలన్ బ్యాట్‌మ్యాన్ బిగిన్స్‌తో మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. అందులో కవచం సైనికుల కోసం తయారైంది. రెక్కల్లాంటి వస్త్రం కరెంటు తగిలితే బిగుసుకుంటుంది. కామిక్స్‌లో విలన్ రాస్ అల్ ఘుల్ ఒక మాయగుండంలో మునిగి మళ్లీ మళ్లీ బతుకుతాడు, సినిమాలో ఆ గుండమే లేదు. మా జట్టులో ఇంజినీరింగ్ చదివే తమ్ముడొకడు ఇదే మన దారి అన్నాడు. పులి గోళ్లు ఉక్కువి, చారలు మంట అంటని బట్టవి, బలం ల్యాబ్‌లో ఒలికిన రసాయనం వల్ల వచ్చింది. అంతా లెక్క ప్రకారం కుదిరింది.

ఆ స్క్రిప్టు మా ఇంట్లో చదివి వినిపించాం. మా పెద్దమ్మ ఓపిగ్గా చివరిదాకా విని ఒక్క మాట అడిగింది: "ఇంతకీ ఆ గుంటడు ఏటి మొక్కుకున్నాడే?"

నాకు కథ దొరికింది అక్కడే. మా ఊళ్లో రెండేళ్లకోసారి యాత్ర జరిగినప్పుడు వందల మంది వేషాలు కడతారు. పసుపు పూసి నల్లచారలు దిద్దిన పులి వీధిలోకొస్తే, లోపల ఉన్నది ఎవరో అందరికీ తెలుసు. పక్కింటి కుర్రాడే. అయినా పిల్లలు భయపడతారు, పెద్దవాళ్లు దండం పెడతారు. ఆ చారలు నిజమా కాదా అని ఎవరూ అడగరు. ఏ మొక్కు తీరినందుకు కట్టాడో అడుగుతారు. జ్వరం తగ్గిందా, పిల్లలు పుట్టారా, ఉద్యోగం వచ్చిందా? ఆ జవాబు వింటే చాలు, పులిని పులిగానే చూస్తారు. మా గంజాం పల్లెల్లో ప్రహ్లాద నాటకం చూసేవాళ్లూ అంతే. స్తంభం చెక్కదా అట్టదా అని చూడరు, హిరణ్యకశిపుడి గర్వం సరిగా పలికిందా లేదా అని చూస్తారు.

ఆ తర్వాత నోలన్ సినిమా మళ్లీ చూస్తే వేరేగా కనిపించింది. క్లైమాక్స్‌లో ఒక యంత్రం పైపుల్లో నీళ్లన్నీ ఆవిరి చేస్తూ పోతుంది. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే, మరి ఆ పక్కనే నిలబడ్డవాళ్లకు ఏమీ కాదు. ఇది నిజానికి సైన్సు కాదు. అయినా హాల్లో కూర్చున్నవాళ్లకు అడ్డు రాలేదు. ఎందుకంటే అప్పటికి దాదాపు గంటసేపు ముసుగు లేకుండానే, తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని కోపంతో, భయంతో తిరిగే మనిషిని చూపించారు. గబ్బిలమే ఎందుకో మనకు తెలుసు. కవచం ఎలా తయారైందో చెప్పడం పైపూత మాత్రమే. 2025లో జేమ్స్ గన్ తీసిన సూపర్‌మ్యాన్ దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడిచింది. అందులో ఎగిరే కుక్క ఉంది, అది ఎలా ఎగురుతుందో బోధించరు. కానీ గాయపడి మంచులో పడున్న సూపర్‌మ్యాన్ మీదికి అది సరిగా పెంచని కుక్కలాగే ఎగబడుతుంది. శక్తి కల్పన, ప్రవర్తన నిజం. నాకు ఇది చాలా నచ్చిన పని.

కాబట్టి ల్యాబు తీసేశాం. మా కొత్త హీరో గోపాలపూర్ తెలుగు మత్స్యకారుల కుర్రాడు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. అంతకుముందే లక్షల మందిని షెల్టర్లకు తరలించారు. ఆ గాలి మోత మా వయసువాళ్లందరికీ గుర్తే, దాన్ని ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు. కథలో అతని నాన్న ఆ రాత్రి ఇంటికి చేరడు. తల్లి షెల్టర్‌లో కూర్చుని, మనిషి తిరిగొస్తే కొడుకు చేత పులివేషం కట్టిస్తానని ఠాకురాణికి మొక్కుకుంటుంది. నాన్న తిరిగొస్తాడు. మొక్కు మాత్రం యాత్ర వచ్చినప్పుడల్లా వాయిదా పడుతుంది. పెద్దయ్యాక వేషం కట్టిన రోజే బలం వస్తుంది. అది వరం కాదు, తీరని బాకీ.

ఇక్కడ కల్పన ఒక్కటే పెట్టుకుని దానికి కఠినమైన నియమం రాశాం. రంగు ఒంటి మీద ఉన్నంతసేపే బలం ఉంటుంది. పులివేషానికి రంగు దిద్దడానికి గంటలు పడుతుంది, ఒక్కడే వేసుకోలేడు, అక్క వేయాలి. చెమటకు కరుగుతుంది, వానకు పోతుంది. ఈ నియమం రాశాక సన్నివేశాలు వాటంతటవే పుట్టాయి. ప్రమాదం పిలుస్తుంటే వీపు మీద చారలు ఇంకా ఆరలేదు. అక్కకు నైట్ డ్యూటీ. అలాంటి చోట నాకే టెన్షన్ వచ్చేది.

ఎక్కువ కష్టపెట్టింది విలన్. మొదట నదిలో ఇసుక తోడే కాంట్రాక్టరుగా రాశాను, అచ్చం పేపర్లో వార్తలా. అందరూ ఒకటే అన్నారు: కేసు పెడితే పోయేదానికి పులి ఎందుకు? వాళ్ల మాట నిజమే. విలన్ మరీ మామూలుగా ఉంటే హీరో వేషం ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. ఇద్దరూ ఒకే లోకంలోంచి రావాలి. అందుకని తుఫాను తర్వాత పడవలు, వలలు తాకట్టు పట్టిన వ్యాపారిని పెట్టాం. ఆ రాత్రి అదే షెల్టర్‌లో అతనూ మొక్కుకున్నాడు, గండం గడిచాక తీర్చనని మొండికేశాడు. అతని గొడౌన్‌లో తాకట్టు వలలు రాత్రిళ్లు కదులుతాయి, అతను చూపించినవాళ్లను చుట్టేస్తాయి.

షూటింగ్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. డబ్బు తక్కువ, జనం ఎక్కువ. ఒక్క షాట్ గురించి మాత్రం చెప్పాలి. పులి మేడ మీది నుంచి మేడ మీదికి దూకాలి. పాత వీడియోల్లో కుర్రాణ్ణి కత్తిరించి ఆకాశం మీద అతికించేవారు. మేం దూకడం చూపించలేదు. కింద టీ కొట్టు దగ్గరున్న మనుషులు తలెత్తారు, పెంకు పగిలిన చప్పుడైంది, టీ గ్లాసులో పసుపు రంగు చుక్క పడింది. చూసినవాళ్లలో ఒక పెద్దాయన "ఎంత ఎత్తు దూకాడ్రా!" అన్నాడు.

సూరత్ నుంచి అన్నయ్య ఫోన్ చేసి, రెండో భాగంలోనైనా ఎగరనివ్వమంటున్నాడు. ఎగరకూడదని నేనేమీ పట్టుబట్టడం లేదు. ఎవరి మొక్కు వల్ల ఎగురుతాడో తను చెప్పాలి, రాయడానికి నేను సిద్ధం. ఈలోగా వానలో జరిగే పోరాటం రాస్తున్నాను. రంగు నీళ్లలో ఎంతసేపు నిలుస్తుందో చూడ్డానికి, వేషాలకు రంగులు దిద్దే మావయ్య దగ్గరికి ఈ ఆదివారం వెళ్తున్నాం.