సీతానగరం ఒడ్డున బోర్లించిన పడవ

ఉండవల్లి గుహలు చూద్దామని గుంటూరులో పొద్దున్నే బస్సెక్కాను. తాడేపల్లిలో దిగి సీతానగరం దాకా ఆటో అడిగితే 150 రూపాయలన్నాడు. ఆ కాస్త దూరానికి అంతా! ఒళ్లు మండి నడిచాను. ఎండ ముదరకముందే ఘాటు పక్కన కృష్ణ ఒడ్డుకు దిగాను. ఇక గుహల దాకా వెళ్లనే లేదు.

ఒడ్డున పాత టైర్ల మీద ఒక ఫైబర్ పడవను బోర్లించారు. రాయెక్కి అడుగున జానెడు చీలింది. పడవ ఒకరిది, చుట్టూ చేరినవాళ్లు ఐదుగురు. కూలి ఊసు లేదు. ఇవాళ నీకు, రేపు నాకు. అయినా ఈ పని ఒక్కడి చేతిలో అయ్యేది కాదు. ఎందుకో చూస్తూ ఉంటే తెలిసింది.

ముందు చీలిక చుట్టూ నాలుగు వేళ్ల మేర గ్రైండర్‌తో గీకారు. చీలిక దగ్గరికొచ్చేసరికి అంచు పల్చబడాలి. గట్టులా నిటారుగా వదిలేస్తే అతుకు అక్కడే లేచిపోతుంది. తడి అసలు ఉండకూడదు, తడి మీద రెజిన్, అంటే అతుకు వేసే జిగురు, పట్టదు. నిజాంపట్నం సముద్రపు పడవలకైతే దీనికి ముందు ఉప్పు వదిలేదాకా మంచినీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టాలి. ఇక్కడ ఏటి నీళ్లు, ఆ బాధ లేదు. దుమ్ము దులిపి అసిటోన్ గుడ్డతో తుడిచారు.

అసలు హడావుడి అప్పుడు మొదలైంది. కిలో రెజిన్‌లో ముందు పని త్వరగా సాగేందుకు వేసే కోబాల్ట్ వేసి బాగా కలిపాకే, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ పోయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే భగ్గుమంటుంది. అందుకే కోబాల్ట్ సీసా ఒకరి దగ్గర, హార్డెనర్ ఇంకొకరి దగ్గర. ఎండాకాలం కిలోకు 10 మిల్లీలీటర్ల హార్డెనర్ చాలు. చలికాలంలో 20 దాకా పోస్తారు. ఎక్కువైతే బకెట్టులోనే వేడెక్కి గడ్డకడుతుంది, మొత్తం పారబోయాల్సిందే.

"పోశా మావా, ఇంక ఆగమాక!"

అక్కణ్ణుంచి పావుగంట ఎవరికీ ఊపిరి తిరగలేదు. ఒకరు బ్రష్షుతో పూస్తుంటే ఒకరు గాజునార మ్యాట్ పరిచారు. మూడు పొరలు, ఒకదానికంటే ఒకటి రెండంగుళాలు పెద్దది. వెనకే ఇంకొకరు రోలర్‌తో అద్దుతూ గాలి బుడగలు తరిమారు. బుడగ మిగిలితే నీళ్లు ఊరేది అక్కడే. తెచ్చిన టీ చల్లారిపోయినా ఎవరూ గ్లాసు ముట్టలేదు. చివరికి బ్రష్షులు అసిటోన్‌లో ముంచాకే కూర్చున్నారు.

మాటలు 2024 సెప్టెంబరు వరద మీదికి మళ్లాయి. అప్పుడు కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లకు తగిలి, గేట్లు ఎత్తేందుకు తోడ్పడే బరువు దిమ్మెలు (కౌంటర్‌వెయిట్లు) దెబ్బతిన్నాయి. వరద కబురందితే పడవ ఎవరిదని చూడకూడదు, ముందు రెండో మోకు కట్టాలి అన్నారు పెద్దాయన. మిగతావాళ్లు తలలూపారు.

అతుకు గట్టిపడ్డాక రూపాయి బిళ్లతో కొట్టి చూశారు. అంతటా టకటకమంది. డొల్ల మోత వస్తే లోపల పట్టలేదని లెక్క, మళ్లీ గీకాలి. రేపటిదాకా దీన్ని నీళ్లలో దించరు. సామాను సర్దుకుని ఐదుగురూ పక్క పడవ దగ్గరికి నడిచారు. అది హార్డెనర్ పోసినాయనది.