ఎస్టిమేట్ కాగితంలో ఒక్క మాట: నా ముక్కు ఆపరేషన్ అనుభవం

ముక్కు కదలకుండా పెట్టిన గట్టి కట్టు (స్ప్లింట్) మొన్న గురువారం తీశారు. వాపు ఇంకా ఉంది, కొన మొద్దుబారినట్టుంది. అయినా పద్నాలుగు నెలల తర్వాత కుడి రంధ్రంలోంచి గాలి ఆడుతోంది. ఆపరేషన్ రెండున్నర గంటల్లో అయిపోయింది. దానికి ముందు ఆసుపత్రి ఇచ్చిన ఖర్చు అంచనా కాగితంలో ఒక్క మాట మార్పించడానికి ఐదు వారాలు పట్టింది. ఆ మంట చల్లారకముందే రాస్తున్నా. కర్నూలు, నంద్యాల, ఆదోని వైపు నుంచి ముక్కుకో మొహానికో ఆపరేషన్ అని హైదరాబాదు బస్సెక్కేవాళ్ళకు పనికొస్తుంది.

మొదటి తప్పు నాదే. మా కర్నూలులో నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర బైకు జారి పడ్డ రోజు పెద్దాసుపత్రిలో నుదుటికి కుట్లు వేసి, ముక్కు వాపు తగ్గాక ఈఎన్‌టీకి చూపించమని చీటీ మీద రాశారు. వాపు తగ్గింది, నేను పోలేదు. విరిగిన ముక్కెముకను పది, పద్నాలుగు రోజుల్లోపు అయితే కోయకుండానే సరిచేసి నిలబెడతారు. చిన్న పని. ఆ గడువు దాటితే ఎముక వంకరగానే అతుక్కుంటుంది. తర్వాత కనీసం మూడు నుంచి ఆరు నెలలు ఆగి, అతుక్కున్న ఎముకను మళ్ళీ కోసి నిలబెట్టాలి. ఇంకో సంగతి. దెబ్బ తగిలిన ఒకట్రెండు రోజుల్లోనే ముక్కు లోపల రక్తం గడ్డ కట్టిందేమో చూపించుకోవాలి. ముక్కుదూలం (రెండు రంధ్రాల మధ్య గోడ) మీద గడ్డ నిలిచిపోతే అందులోని మృదులాస్థి (మెత్తటి ఎముక) చచ్చిపోయి ముక్కు నడుమ కుంగిపోతుంది.

ఏ ఆపరేషన్ దేనికో తెలియకుండా రేటు అడిగితే ఎవరి నోటికొచ్చిన అంకె వాళ్ళు చెబుతారు. గాలి ఆడకపోవడానికి ముక్కుదూలం వంకర కారణమైతే సెప్టోప్లాస్టీ చాలు. అది లోపలి పని, బయటి ఆకారం మారదు. బయటి ఎముక కూడా పక్కకు పోయుంటే రెండూ కలిపి సెప్టోరైనోప్లాస్టీ. నాకు కావలసింది అదే. ముక్కు కింద రెండు రంధ్రాల నడుమ చిన్న కోత పెట్టి చర్మం ఎత్తి చేస్తే ఓపెన్ పద్ధతి, కోతలన్నీ లోపలే ఉంటే క్లోజ్డ్. ఎక్కువ వంకర ఉన్నప్పుడు ఓపెన్‌లో సర్జనుకు అంతా కళ్ళకు కనిపిస్తుంది. దన్నుగా పెట్టడానికి మృదులాస్థిని ముందు దూలం నుంచే తీస్తారు. ముక్కు నిలబడాలంటే దూలంలో పైనా ముందూ సెంటీమీటరు వెడల్పు పట్టీ వదలాలి కాబట్టి అక్కడ చాలకపోతే చెవి నుంచో పక్కటెముక నుంచో తీయాల్సి వస్తుంది. పక్కటెముక అంటే ఛాతీ మీద ఇంకో కోత, ఇంకొంత ఖర్చు. ఏది వాడతారో ముందే అడిగి రాయించుకోండి.

మా ఊళ్ళోనే ఒక క్లినిక్కులో ‘కుట్లు లేవు, అరగంట పని’ అని 25,000కు ముక్కుకు ఫిల్లర్ (చర్మం కింద నింపే ఇంజెక్షన్ మందు) వేస్తామన్నారు. గట్టిగా చెప్తున్నా, ముక్కు విషయంలో దీని జోలికి తేలిగ్గా పోవద్దు. ఫిల్లర్ పల్లాన్ని పూడుస్తుంది, అంతే. ఎముకను జరపదు, గాలికి దారి ఇవ్వదు, ఏడాది అటూఇటూగా కరిగిపోతుంది. ముక్కు చుట్టూ ఉన్న రక్తనాళాలకు కంటి నాళాలతో సంబంధం ఉంది. మందు పొరపాటున నాళంలోకి పోతే చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు, చూపే పోవచ్చు. హయలురానిక్ రకం ఫిల్లర్‌ను కరిగించే హయలురానిడేజ్ ఇంజెక్షన్ మీ దగ్గర ఉందా అని అడిగితే అక్కడి అమ్మాయి ఆ పేరే విననట్టు చూసింది. వెంటనే లేచొచ్చేశా. గోడ మీద కాస్మెటాలజీ డిప్లొమా వేలాడినంత మాత్రాన సర్జన్ కాదు. చేసేవాళ్ళు ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ పట్టా ఉన్న ప్లాస్టిక్ సర్జన్, లేకుంటే ముక్కు ఆపరేషన్లు విరివిగా చేసే ఎంఎస్ ఈఎన్‌టీ అయ్యుండాలి. రిజిస్ట్రేషన్ నంబరు అడిగి మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో చూసుకోవడం రెండు నిమిషాల పని.

హైదరాబాదులో రెండుచోట్ల చూపించుకున్నా. ఒకచోట డాక్టరు కంటే ముందు కౌన్సెలర్ కూర్చోబెట్టి, కంప్యూటర్లో నా ఫొటోకు ముక్కు సరిచేసి, అడగకుండానే గడ్డం కూడా ముందుకు జరిపి చూపించింది. మొత్తం ప్యాకేజీ 1,85,000, విడివిడి లెక్క ఇవ్వరు. ఆ బొమ్మ హామీ కాదు. అది చూసి డబ్బు కట్టొద్దు. రెండోచోట డాక్టరే అద్దం చేతికిచ్చి ఎక్కడ ఎంత వస్తుందో, ఎక్కడ రాదో చెప్పారు. లెక్కా విడివిడిగా ఇచ్చారు: సర్జన్ 70,000, మత్తు డాక్టరు 15,000, థియేటరు 25,000, స్ప్లింటు, కుట్లు, ఇతర సామాను 14,000, గది ఒక రోజు 6,000, పరీక్షలు 4,500, మందులు 5,500. మొత్తం 1,40,000. అక్కడే చేయించుకుందామని ఖాయం చేసుకున్నా.

కాగితం అడుగున ఇంకో వరుస ఉంది: జీఎస్టీ 18 శాతం, 25,200. ఆసుపత్రి వైద్యానికి జీఎస్టీ ఏంటని అడిగితే ‘కాస్మెటిక్ సార్’ అన్నారు. పై వరుసలో నిజంగానే కాస్మెటిక్ రైనోప్లాస్టీ, అంటే అందం కోసం ముక్కు ఆకారం మార్చే ఆపరేషన్, అని కొట్టారు. డాక్టరు రాసిన చీటీలో ఆ మాట లేదు. బిల్లింగు కంప్యూటర్లో రైనోప్లాస్టీ అని కొడితే ఆ పేరే వస్తుందట. అదే కాగితం బీమా కంపెనీకి పోయింది, గంటలో తిరస్కరణ వచ్చింది. అందులో జబ్బు కోడ్ జెడ్ 41.1 అని ఉంది. అంటే అందం కోసం చేసే ఆపరేషన్.

ఆసుపత్రి బీమా కౌంటరులో అడిగా. నా వెనక ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. ‘ముక్కు అందంగా కావాలంటే కంపెనీ ఎందుకిస్తుంది సార్’ అన్నాడు కౌంటరులో కూర్చున్నతను, అందరికీ వినబడేలా. యాక్సిడెంట్లో విరిగిందయ్యా అంటే, ‘ముందు నుంచే వంకర కాదని ఏంటి గ్యారంటీ, పాత ఫొటో ఉందా’ అన్నాడు. ఫోన్లో పెళ్ళి ఫొటో తీసి చూపించా. పక్కనున్న ఆమెకూ చూపించి ఇద్దరూ నా మొహం, ఫోను మార్చి మార్చి చూశారు. నలభై ఒక్కేళ్ళ మనిషిని, ఇద్దరు పిల్లల తండ్రిని, ఆ క్యూలో తల ఎత్తలేకపోయా. బీమా కంపెనీకి ఫోన్ చేస్తే ఆసుపత్రితో మార్పించమన్నారు. ఆసుపత్రి వాళ్ళు కంపెనీ అడిగితేనే మారుస్తామన్నారు. డాక్టరు కూర్చునేది మంగళ, శుక్రవారాలే. కర్నూలు నుంచి పోను 215 కిలోమీటర్లు, రాను 215. అట్లా నాలుగుసార్లు తిరిగా.

నాలుగోసారి పోయేముందు పాలసీ పుస్తకం కూర్చుని మొత్తం చదివా. బీమా నియంత్రణ సంస్థ అన్ని కంపెనీలకూ ఒకే మాటల్లో పెట్టించిన మినహాయింపులు అందులో ఉంటాయి. ఎనిమిదోది కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీ. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత సరిచేసే ఆపరేషన్‌కు ఆ మినహాయింపు వర్తించదని అక్కడే రాసి ఉంది. ముక్కుదూలం ఆపరేషన్‌కు చాలా పాలసీల్లో 24 నెలలు ఆగాలంటారు, ప్రమాదమైతే ఆ నిబంధన కూడా లేదు. జీఎస్టీ చట్టంలోనూ ఇదే తేడా. పుట్టుకతో వచ్చిన లోపానికి, ఎదుగుదలలో వచ్చిన లోపానికి, గాయానికి చేసే ప్లాస్టిక్ సర్జరీ మీద పన్ను లేదు, కేవలం అందం కోసమైతే ఉంది. నా ముక్కుకు రెండుచోట్లా ఒకటే న్యాయం రాసి ఉంటే, ఒక గుమస్తా కొట్టిన మాట వల్ల రెండూ పోయాయి.

పని జరిగింది కాగితాలతోనే. పెద్దాసుపత్రిలో అర్జీ పెడితే యాక్సిడెంట్ రిజిస్టర్ నకలు రెండు రోజుల్లో ఇచ్చారు, అందులో ముక్కెముక విరిగినట్టు ఉంది. అప్పటి సీటీ స్కాన్ రిపోర్టు, ఎఫ్ఐఆర్ నకలు, ప్రమాదానికి ముందు తీసిన డ్రైవింగ్ లైసెన్సు ఫొటో జతచేశా. డాక్టరు లెటర్‌హెడ్ మీద మూడు విషయాలు రాసిచ్చారు: ఏ తేదీన గాయమైంది, గాలి ఎంత ఆడటం లేదు, ఈ ఆపరేషన్ ఆ గాయాన్ని సరిచేయడానికే. కోడ్లు ఎం 95.0, జె 34.2 అయ్యాయి. మొదటిది తర్వాత వచ్చిన ముక్కు వికారం, రెండోది దూలం వంకర. కొత్త దరఖాస్తుకు అదే రోజు మంజూరు వచ్చింది, జీఎస్టీ వరుస లేచిపోయింది. అప్పటికీ కాదంటే కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాసి, 30 రోజుల్లో తేల్చకపోతే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే హైదరాబాదు బీమా అంబుడ్స్‌మన్‌కు పోదామనుకున్నా. మన రాష్ట్రమంతా ఆ ఆఫీసు కిందే, ఫీజు లేదు.

అయినా ఒకచోట దెబ్బ తిన్నా. నా పాలసీ 5 లక్షలు, గది అద్దె రోజుకు ఒక శాతం, అంటే 5,000 వరకే. నేను తీసుకున్నది 6,000 గది. అద్దె ఎంత నిష్పత్తిలో ఎక్కువైతే అంత నిష్పత్తిలో సర్జన్, మత్తు, థియేటరు ఖర్చూ కోస్తారు. 1,10,000లో ఆరో వంతు, 18,333 పోయింది. గది తేడా 1,000తో కలిపి 19,333. ఆ గదిలో నేను పడుకున్నది ఒక్క రాత్రి. గది ఇచ్చేటప్పుడు ఈ సంగతి కౌంటరులో ఎవరూ చెప్పలేదు. మీ పరిమితి ఎంతో ముందే చూసుకుని దాని లోపలి గదే అడగండి.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పూర్తి మత్తు, తెలివొచ్చేసరికి అయిపోయింది. పొగ తాగేవాళ్ళు నాలుగు వారాల ముందే మానాలి. ఆస్పిరిన్, చేపనూనె, విటమిన్ ఇ వాడుతుంటే ముందుగా డాక్టరుకు చెప్పాలి, రక్తం ఎక్కువ పోతుంది. మొదటి రెండు మూడు రోజులు కళ్ళ కింద నలుపు, నోటితోనే గాలి పీల్చడం. తల ఎత్తులో పెట్టి పడుకోవాలి. కొన్నాళ్ళు ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. కుట్లు ఆరో రోజు, స్ప్లింటు ఎనిమిదో రోజు తీశారు. కళ్ళజోడు ఆరు వారాలు ముక్కు మీద ఆనకూడదన్నారు, నుదుటికి టేపుతో వేలాడదీసుకుని ఇది రాస్తున్నా.

ఎడమవైపు కాస్త ఎత్తుగా కనిపిస్తోంది. కొన వాపు పూర్తిగా దిగడానికి ఏడాది పడుతుందని, అప్పటిదాకా సరిదిద్దే మాటే ఎత్తొద్దని డాక్టరు చెప్పారు. వచ్చే నెల ఫొటోలకు పోవాలి: ఎదురుగా, రెండు పక్కల, ఏటవాలుగా రెండు, కింది నుంచి ఒకటి. ఫైల్లో లైసెన్సు జిరాక్సు అట్లే ఉంచా.