చింతచెట్టు మీద పల్లాడియం

నాచారంలో ఒక ఫార్మా ఆర్ అండ్ డీలో పనిచేసే రోజుల్లో నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించింది ఏంటంటే, సుజుకి రియాక్షన్ (ఒక బ్రోమైడ్‌నీ ఒక బోరోనిక్ యాసిడ్‌నీ అతికించేది) అయ్యాక ఆర్‌బీ (గుండ్రటి గాజు ఫ్లాస్క్) గోడలకి అంటుకునే నల్లటి మసి. పేరుకి మసి, నిజానికి అది రియాక్షన్‌ని నడిపించే కేటలిస్ట్ మెటల్ పల్లాడియం, రేటు వింటే కళ్లు తిరుగుతాయి. దాన్ని సెలైట్ అనే వడపోత పొడి బెడ్ మీద ఫిల్టర్ చేసి పక్కన పెడుతుంటే ప్రాణం ఉసూరుమనేది. పోనీ మొత్తం అక్కడే ఆగుతుందా అంటే అదీ లేదు, కొంత మందుతో పాటే వచ్చేస్తుంది. నోటితో వేసుకునే మందులో పల్లాడియం రోజుకి 100 మైక్రోగ్రాములు దాటకూడదని ఐసీహెచ్ (మందుల ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) లిమిట్, అంటే రోజుకి 10 గ్రాముల డోసు అనుకుంటే 10 పీపీఎమ్ (పది లక్షల్లో పది వంతులు). మెటల్ ఎంతుందో కొలిచే ఐసీపీ టెస్ట్ రిపోర్ట్ వచ్చేదాకా అందరం బిక్కమొహాలేసుకుని కూర్చునేవాళ్లం.

మెటల్‌ని పారిపోకుండా దేనికైనా కట్టేయడం అనేది పాత ఉపాయమే. 1963లో మెరిఫీల్డ్ అనే కెమిస్ట్ పాలిస్టైరీన్ పూసలకి పెప్టైడ్లు (అమైనో యాసిడ్ల గొలుసులు) కట్టి చూపించాడు, తర్వాత కేటలిస్టుల్ని కూడా అలాగే కట్టారు. వడకట్టడం సుఖమే కానీ రియాక్టెంట్ పూస లోపలికి దూరి బయటికి రావాలి కదా, అక్కడ స్లో అయిపోతుంది. అదే కరిగే సపోర్ట్ అయితే ద్రావణంలో అన్నిటితో కలిసి తిరుగుతుంది, సైజు పెద్దది కాబట్టి చివర్లో సన్న రంధ్రాల మెంబ్రేన్ దగ్గర ఆగిపోతుంది. దీనికే కొమ్మల పాలిమర్లు.

మామూలు పాలిమర్ తాటిచెట్టు అనుకోండి, ఒకటే కాండం. ఇవి చింతచెట్లు. వీటిలో డెండ్రిమర్ అనేది లెక్కగా కత్తిరించిన చెట్టు, ప్రతి కొమ్మా ఒకే లెక్కలో చీలాల్సిందే (డెండ్రాన్ అంటే గ్రీకులో చెట్టే). 1985లో డౌ కంపెనీలో టొమాలియా టీమ్ పబ్లిష్ చేసిన పామామ్ అనే డెండ్రిమర్ ఫేమస్. ఇథిలీన్ డయమీన్‌తో మొదలుపెట్టి మిథైల్ యాక్రిలేట్, మళ్లీ డయమీన్, అలా పొర మీద పొర, 4 చివరలు 8 అవుతాయి, 16, 32, నాలుగో జనరేషన్‌కి 64. మెటల్‌ని కొమ్మల చివర్లో వేలాడదీయొచ్చు, 1994లో డచ్ వాళ్లు నికెల్‌తో చేసింది అదే. లేదా గుబురు లోపల దాచొచ్చు, 1998లో క్రూక్స్ అనే కెమిస్ట్ గ్రూప్ పామామ్ లోపల రాగి నానోపార్టికల్స్ చేసింది ఇలాగే. అయితే చివర్లలో మరీ కిక్కిరిస్తే పక్కపక్క నికెల్స్ ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయట, సాయంత్రం ఆరింటికి ఉప్పల్ బస్సు గుర్తొస్తుంది నాకు.

నన్నడిగితే డెండ్రిమర్ బోన్సాయ్ లాంటిది, చూడ్డానికి బాగుంటుంది కానీ ప్రతి పొరకీ రెండు స్టెప్పులు, ప్రతిసారీ మిగిలిన డయమీన్ వదిలించుకోవడం, కిలోల్లో ఎవడు చేస్తాడు? అదే ఇష్టమొచ్చినట్టు కొమ్మలేసే హైపర్‌బ్రాంచ్డ్ పాలిమర్ అయితే ఒకే కుండలో అయిపోతుంది, ఒక ఏ గ్రూపు రెండు బీ గ్రూపులు ఉన్న (ఏ అతుక్కునేది బీకే) మోనోమర్ గట్టిపడి జెల్ కాకుండానే కొమ్మలేస్తుందని పాలిమర్ కెమిస్ట్ ఫ్లోరీ 1952లోనే లెక్క రాసిపెట్టాడు. వంకరటింకరగానే ఉంటుంది, అయితే ఏంటి, కాయలు కాస్తే చాలు.

అందుకే నేను బ్రాంచ్డ్ పాలిఇథిలీన్ ఇమీన్ అనే కొమ్మల పాలిఅమీన్ తీసుకున్నా. తేనెలా జారే పదార్థం, గ్లవ్‌కి అంటితే ఓ పట్టాన వదలదు. నీళ్లలో కలిపి పల్లాడియం సాల్ట్ వేసి సోడియం బోరోహైడ్రైడ్‌తో రెడ్యూస్ చేస్తే బెల్లం పాకం రంగు ద్రావణం వచ్చింది. రియాక్షన్ నీళ్లు, ఇథనాల్‌లో పెట్టి, ప్రోడక్ట్ ఇథైల్ ఎసిటేట్‌లోకి లాగేసి, కింది లేయర్‌ని డయాలిసిస్ బ్యాగ్‌లో పోసి నీళ్లలో వేలాడదీస్తే ఉప్పులు బయటికి పోతాయి, పాలిమర్ లోపలే ఉంటుంది. దాన్నే మళ్లీ వాడటం. ఐదు సైకిళ్లు చేశా, ఈల్డ్ (చేతికొచ్చిన ప్రోడక్ట్ శాతం) అన్నిసార్లూ దాదాపు ఒకటే. గాల్లో తేలుతూ స్లైడ్ చేసి మా సీనియర్ అన్నకి చూపించా.

ఆయన రెండు నిమిషాలు చూసి, "తమ్మీ, నైటంత నడిపినంక ఈల్డ్ రాకపోతే ఏమొస్తది? రెండు గంటలకి ఎంతయిందో చూశినవా?" అన్నాడు.

చూడలేదు! ఓవర్‌నైట్ పెట్టి పొద్దున్నే వర్కప్ (ప్రోడక్ట్‌ని విడదీయడం) చేసుకుంటూ పోయా. చివరిదాకా నడిపితే కేటలిస్ట్ సగం చచ్చినా ఈల్డ్ నిండుగానే కనిపిస్తుంది, చాలా రీసైక్లింగ్ బార్ చార్ట్‌ల గుట్టు ఇదేనని నా అనుమానం. మళ్లీ మొదటినుంచి చేసి అరగంటకోసారి శాంపిల్ తీస్తే ఫస్ట్ సైకిల్ రెండు గంటల్లో అయిపోయింది, ఐదోది మధ్యాహ్నం పెడితే రాత్రికి కూడా ఇంకా మిగిలిన స్టార్టింగ్ మెటీరియల్ స్పాట్ టీఎల్‌సీ ప్లేట్ మీద వెక్కిరిస్తూనే ఉంది.

లీచింగ్ (మెటల్ సపోర్ట్ నుంచి ఊడిపోవడం) చెక్ చేయడానికి మామూలు హాట్ ఫిల్ట్రేషన్ (వేడిగా వడకట్టి చూడటం) ఇక్కడ కుదరదు, మన కేటలిస్ట్ కరిగే ఉంటుంది కదా, ఫిల్టర్ పేపర్‌లోంచి దర్జాగా దిగిపోతుంది. అందుకే రియాక్షన్ మధ్యలో మెంబ్రేన్ గుండా వేడివేడిగా నెట్టి, దాటొచ్చిన ద్రావణంలో కొత్తగా బ్రోమైడ్, బోరోనిక్ యాసిడ్, బేస్ వేసి వేడి చేశాం. గంట తర్వాత యూవీ ల్యాంప్ కింద ప్రోడక్ట్ స్పాట్, చిన్నదే కానీ ఉంది. అంటే కొంత పల్లాడియం చెట్టు దిగి తిరుగుతోంది. అన్న ల్యాంప్ ఆపేసి "పా, తార్నాకల చాయ్ తాగొద్దాం" అన్నాడంతే.

ప్రాజెక్ట్ ఆగిపోయింది. తమాషా ఏంటంటే, తర్వాత బ్యాచ్‌లో పల్లాడియం ఎక్కువొస్తే క్లీన్ చేయడానికి తెప్పించిన స్కావెంజర్ (మెటల్‌ని పట్టి లాగేసేది) డబ్బా మీద లేబుల్ చూస్తే, అదే కొమ్మల పాలిఅమీన్‌ని సిలికాకి అతికించిన పౌడర్.