మౌనంగా ఉన్నందుకు కోల్పోయిన ప్రతిచర్య

స్పెయిన్‌లో రూపొందిన ‘ఇన్ఫినిటీ’ అనే చిన్న బొమ్మల యుద్ధక్రీడను నిన్న మిత్రునితో ఆడుతూ, ఒకే ఒక్క నియమం దగ్గర దాదాపు అరగంట ఆగిపోయాము. ఈ ఆటలో ఎదుటివారి వంతు నడుస్తున్నప్పుడు కూడా మన సైనికులు ఊరకే నిలబడరు. శత్రువు కంటపడినా, 8 అంగుళాల లోపలికి వచ్చినా, అతడు తన ఆర్డర్‌లో, అంటే రెండు చర్యల వరకు ఉండే ఒక ఆదేశంలో, మొదటి చర్య ప్రకటించగానే మనం ప్రతిచర్యను ప్రకటించవచ్చు.

మిత్రుని సైనికుడు గోడ చాటున కదిలాడు. అతడు రెండో చర్యతో బయటికి వచ్చాక కాల్చవచ్చని నేను మౌనంగా ఉన్నాను. తరువాత కొలిస్తే దూరం 7 అంగుళాలే. కనబడనివాడిపై నాకు ప్రతిచర్య ఎలా ఉంటుందని నేను వాదించాను. దూరం ఒక్కటే చాలునని అతడన్నాడు. నియమాన్ని ఇద్దరం కలిసి నెమ్మదిగా చదివాక అతని మాటే నిలిచింది: శత్రువు కనబడకపోయినా, ఆ దూరంలో తప్పుకోవడానికి నాకు హక్కు ఉన్నది, దానిని వదులుకున్నాను కనుక అదే ఆర్డర్‌లో మళ్లీ స్పందించే వీలు లేదు.

ఈ కట్టుబాటు న్యాయమైనదేనని ఇప్పుడు నా అభిప్రాయం. ఇరువైపుల చర్యలూ ఒకే క్షణంలో జరిగినట్టు లెక్కించే ఆటలో, ఎదుటివాని రెండో అడుగు చూసి నిర్ణయించుకోవడమంటే ఆ క్షణాన్ని రెండుగా చీల్చడమే.