మెయిల్ అందిందా అండీ?

మొన్న మంగళవారం లండన్‌లో ఒక విలేకరి నన్ను ఫోన్‌లోనే మందలించాడు. గొంతు పెంచలేదు. "ఈ నెలలో మీరు నాకు ఆరు మెయిళ్లు పంపారు, రెండుసార్లు ఫోన్ చేశారు. నేను రాసినవి ఒక్కటైనా చదివారా?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. సారీ అన్నాను. పెట్టేశాడు.

పదకొండేళ్లుగా ఇక్కడ పీఆర్ సంస్థలో, అంటే క్లయింట్ల కబుర్లు పత్రికలకు చేరవేసే ప్రజా సంబంధాల సంస్థలో, పని చేస్తున్నాను. మాటలు పడటం కొత్త కాదు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్ చేసి "మెయిల్ అందిందా అండీ?" అని అడిగితే తప్పేముంది? అడగకపోతే కదా తప్పు!

మాది శ్రీకాకుళం. శుభలేఖ పోస్టులో పడేసి ఊరుకుంటే పెళ్లికి ఎవరొస్తారు? ఇంటికెళ్లి బొట్టు పెట్టి చెప్పాలి, ముందురోజు మళ్లీ ఫోన్ చేసి గుర్తు చేయాలి. అప్పుడే అది పిలుపు. ప్రెస్ నోట్ కూడా అలాంటిదేనని నా చేతులకు అలవాటైపోయింది. 2005 ప్రాంతంలో, కిడ్నీ జబ్బులతో పేరుపడ్డ మా జిల్లా ఉద్దానంలో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో ఉండేదాన్ని. డీటీపీ సెంటర్లో టైపు చేయించి, తొమ్మిది జిరాక్సులు తీయించి, ఒక్కోదానికీ ఫొటో పిన్ను కొట్టి, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల విలేకరులందరికీ స్వయంగా ఇచ్చి వచ్చేదాన్ని. వాళ్లలో ఒక పెద్దాయన ఉండేవారు. అందరూ గురువుగారూ అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఒకసారి కిడ్నీ పరీక్షల శిబిరం గురించి నోట్ పట్టుకెళ్లాను. ముఖ్య అతిథి ఎవరు, సభకు అధ్యక్షత ఎవరు, జ్యోతి ప్రజ్వలన ఎవరు చేశారు, మొదటి పేరా అంతా అదే. ఆయన జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ఆ పేరా మొత్తం కొట్టేశారు.

"ఏటమ్మా ఇది, శుభలేఖలాగుంది? ఎంతమందొచ్చారు, ఎంతమందికి క్రియాటినిన్ ఎక్కువుంది, అది సెప్పు ముందు."

ఆ కాగితం చాలాకాలం దాచుకున్నాను.

అప్పట్లో మా వైపు స్ట్రింగర్లకు, అంటే నెల జీతం లేని ఊరి విలేకరులకు, అచ్చయిన వార్తను సెంటీమీటర్ల లెక్కన కొలిచి డబ్బులిచ్చేవారు. 1974లో విశాఖలో మొదలైన ఈనాడు, 1989లో జిల్లాకో చిన్న పత్రిక వేయడం మొదలుపెట్టాక, మారుమూల మండలంలోనూ ఒక విలేకరి తయారయ్యాడు. నేనూ స్కేలు పెట్టి మా వార్త ఎన్ని కాలమ్ సెంటీమీటర్లు వచ్చిందో కొలిచి, ప్రకటన రేటుతో గుణించి, ఇంత డబ్బు విలువైన ప్రచారం వచ్చిందని నివేదికలో రాసేదాన్ని. ఇక్కడికొచ్చాక తెలిసింది, ప్రపంచమంతా అదే చేసేదని. 2010లో బార్సిలోనాలో ఈ రంగం వాళ్లు కూర్చుని, ప్రకటన రేటు వార్త విలువకు కొలత కాదని సూత్రాలు రాసుకున్నారు. చదివినప్పుడు హమ్మయ్య అనుకున్నాను. ఇప్పుడు ఆ స్కేలు బదులు, లెక్కలన్నీ కంప్యూటర్ తెర మీద చూపించే డాష్‌బోర్డు వచ్చింది. ఎంతమంది చూసి ఉండొచ్చు, ఎంతమంది నొక్కారు, మెయిల్ ఎవరు తెరిచారు, అన్నీ అందులోనే. ఎవరు చదివి ఏం చేశారో మాత్రం అదీ చెప్పదు.

ఇక్కడి పని ఇలా జరుగుతుంది. విలేకరుల పేర్లున్న డేటాబేస్‌కు చందా కడతాం. ఆరోగ్యం, వృద్ధులు, గృహవసతి అని టిక్కులు పెడితే జాబితా వచ్చేస్తుంది. నా జాబితాలో 214 పేర్లు. ఒక్క నొక్కుతో అందరికీ వెళ్తుంది. అవతల న్యూస్‌రూముల్లో మనుషులు తగ్గిపోయారు, ఉన్నవాళ్లు పొద్దుట్నుంచి వెబ్‌కి రాస్తూనే ఉండాలి. 2018లో మనుషుల వివరాలు ఇష్టమొచ్చినట్టు వాడుకోకూడదంటూ యూరప్ డేటా చట్టం వచ్చినప్పుడు ఈ జాబితాలు సన్నబడతాయనుకున్నాను. అంతగా ఏమీ తగ్గలేదు.

మా వృత్తికి ఆద్యుల్లో ఒకరైన ఐవీ లీ సంగతి ఆ ఫోన్ తర్వాత పదేపదే గుర్తొచ్చింది. 1906 అక్టోబరులో అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీంచి నీళ్లలో పడి యాభై మందికి పైగా చనిపోయారు. ఆయన రైల్వే కంపెనీ తరఫున జరిగింది దాచకుండా రాసి విలేకరులకు ఇచ్చాడు. తొలి ప్రెస్ నోట్ అదేనంటారు. అదే ఏడాది పత్రికల వాళ్లకు ఆయన ఇచ్చిన హామీలో ఒక మాటుంది: మేమిచ్చింది మీ ప్రకటనల విభాగానికి వెళ్లాల్సిన సరుకు అనిపిస్తే వాడకండి. అంటే అవతలి మనిషి చదువుతాడు, తూకం వేస్తాడు అన్న నమ్మకంతో ఇచ్చేవాడన్నమాట. 2009 జనవరిలో న్యూయార్క్ దగ్గర హడ్సన్ నదిలో విమానం దిగినప్పుడు, రక్షించడానికి వెళ్లిన ఫెర్రీలోని ఒక ప్రయాణికుడు ఫోన్‌తో తీసిన ఫొటో ట్విట్టర్లో ముందు ప్రపంచమంతా తిరిగింది. కబురు మా చేతిలోంచి జారిపోయిందని మా రంగానికి అప్పుడు బాగా అర్థమైంది. ఆ కంగారులోనే మేం మరిన్ని మెయిళ్లు పంపడం మొదలుపెట్టామేమో అనిపిస్తుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఇక్కడ ఆఫీసులో కూర్చుని ఒక్కో న్యూస్ సైటూ తెరిచి చూస్తున్నాను. గాలి వేగం ఉంది, ఉపగ్రహ చిత్రం ఉంది, మా పెద్దనాన్నగారి ఊరి పేరు ఎక్కడా లేదు. కరెంటు లేదు, సెల్‌ఫోన్లు మూగబోయాయి. రెండో రోజు రాత్రి గురువుగారి ఫోన్ వచ్చింది. అప్పటికే ఆయన రిటైరయ్యారు. సిగ్నల్ దొరికిన చోట ఆగి చేశారట. "మనుషులు బాగున్నారమ్మా. కొబ్బరి పోయింది, జీడి పోయింది. మీ పెద్దనాన్న చెట్ల దగ్గరే కూర్చున్నారు, లేవడం లేదు." నేను ఆ ఊరిదాన్నని, నాకీ కబురు కావాలని ఆయనకు తెలుసు. ఏ డేటాబేస్‌లో టిక్కు పెడితే అది తెలుస్తుంది?

అందుకే కోపమొచ్చింది నాకు. ఇక్కడివాళ్లకు మనుషుల విలువ తెలియదని మా ఆయనతో గంటసేపు వాదించాను. ఆయన అంతా విని, "నిజంగానే అతను రాసినవి చదివావా?" అన్నారు. చదవలేదు. ఏడు రోడ్ల జంక్షన్‌లో ఎవరు ఏం రాస్తారో నాకు కంఠతా వచ్చు. అక్కడ ఫోన్ చేసే చనువు దాంతోనే వచ్చింది. ఈ మనిషి గురించి నాకేం తెలుసని చేశాను?

అలాగని మన దగ్గర అంతా అలాగే ఉందనీ చెప్పలేను. రథసప్తమికి ఊరెళ్లినప్పుడు మూడు పత్రికలు తెప్పించుకుని చూశాను. అరసవల్లి ఏర్పాట్ల వార్త మూడింట్లోనూ ఒకటే, అక్షరదోషంతో సహా. వాట్సాప్ గ్రూపులో వచ్చింది వచ్చినట్టు వేసేశారు. గురువుగారికి చూపించబోయాను. కళ్లజోడు తీసి పక్కన పెట్టేశారు. "నాకొద్దమ్మా" అన్నారు. ఆ ఎర్ర పెన్ను ఎక్కడుందో అడగాలనిపించింది, అడగలేదు.

బుధవారం నుంచి సాయంత్రాలు కూర్చుని 214 మంది రాసినవీ చదువుతున్నాను. సగం దాటాను, చదివినవాళ్లలో జాబితాలో ఉంచదగ్గవి ఇప్పటికి పందొమ్మిది పేర్లే తేలాయి. వచ్చే గురువారం మీటింగ్‌లో పంపిన మెయిళ్ల సంఖ్య ఎందుకు పడిపోయిందో మేనేజర్‌కు చెప్పుకోవాలి, ఆ టెన్షన్ ఉంది. నన్ను మందలించిన ఆయనవి తొమ్మిది వ్యాసాలు చదివాను. వృద్ధాశ్రమాల్లో రాత్రి డ్యూటీ చేసేవాళ్ల మీద రాశాడు, చాలా బాగా రాశాడు. మా క్లయింట్ల పనికీ ఆయన రాసేవాటికీ ఏ సంబంధమూ లేదు. పేరు తీసేశాను. క్షమించమని నాలుగు లైన్లు రాసి డ్రాఫ్ట్‌లో ఉంచాను. పంపలేదు. పంపితే అది ఏడో మెయిల్ అవుతుంది.