నడవొచ్చు, కూర్చోకూడదు

సింగపూర్ నీల్ రోడ్డులో ఒక పాత షాప్‌హౌస్‌కి కొత్త వైరింగ్ వేస్తున్నాం. కింద కొట్టు, పైన ఇల్లు, ముందు వసారా. కేబుల్ చుట్టలూ నిచ్చెనా వసారాలో గోడవారగా పెట్టి, వాటి పక్కనే కూర్చుని క్యారేజీ విప్పాను. పక్క కొట్టులో మూలికలు అమ్మే చీనా పెద్దాయన బయటికొచ్చాడు. ఇక్కడ పెద్దవాళ్ళందరినీ అంకుల్ అనే పిలుస్తాం. "మనుషులు నడిచే దారి ఇది. నిప్పంటుకుంటే ఎటు పరిగెత్తాలి?" అని అందరూ వినేలా అరిచాడు. లోపలున్న మా తమిళ ఫోర్‌మాన్ ఆ అరుపు విని వచ్చి, "తంబీ, ఎత్తేయ్, ముందు ఎత్తేయ్" అని తొందర పెట్టాడు. అన్నం కలిపిన చేత్తో కేబుల్ చుట్ట ఎలా ఎత్తేది?

ఎత్తాను. కానీ ఆ మాట మాత్రం మనసులో మెదులుతూనే ఉంది. ఇద్దరు పక్కపక్కన నడిచిపోయేంత చోటు వదిలే పెట్టాను మరి.

ఈ వసారాని ఇక్కడ ఫైవ్‌ఫుట్‌వే అంటారు. 1822లో, ఈ ఊరికి పునాది వేసిన ఆంగ్లేయుడు రాఫిల్స్ ఊరికి ప్లాను వేయించినప్పుడు, ప్రతి ఇంటి ముందూ వసారా ఉండాలి, వీధి పొడుగునా ఒకదానికొకటి కలిసిపోవాలి, ఎవరూ అడ్డుకట్టకూడదు అని రాయించాడు. స్థలం ఇంటాయనది, దారి ఊరిది. ఎండా వానా తగలకుండా నడిచిపోవడానికే ఆ ఏర్పాటు. మరి పెద్దాయన నిప్పు మాట ఎందుకెత్తాడా అని కొన్నాళ్ళు ఆలోచించాను.

ఎత్తడంలో తప్పు లేదులెండి. 1830లో చైనాటౌన్‌లో మంటలు లేచి ఫిలిప్ స్ట్రీట్, మార్కెట్ స్ట్రీట్ ఇళ్ళు వరసగా కాలిపోయాయి. గోడకి గోడ అంటుకున్న ఇళ్ళు, ఆర్పడానికి బావి నీళ్ళు, బొక్కెనలు. ఊరికి మంచినీళ్ళ గొట్టాలు వేయించమని టాన్ కిమ్ సెంగ్ అనే వర్తకుడు 1857లో 13,000 డాలర్లు ఇస్తే, ఆ నీళ్ళు ఊళ్ళోకి రావడానికి 1878 అయింది. ఆ రోజుల్లో ఫోర్ట్ కానింగ్ కొండ మీద ఫిరంగి పేలిందంటే ఎక్కడో తగలబడుతోందని అర్థం. పోలీసులు, సోల్జర్లు, ఓడల మీది సరంగులు పరిగెత్తేవాళ్ళు. వాళ్ళతో పాటు ఖైదీలు కూడా.

ఆ ఖైదీలు మనవాళ్ళే. మద్రాసు, బెంగాల్, బొంబాయిల నుంచి ద్వీపాంతర శిక్ష పడి ఓడలెక్కినవాళ్ళు. సెయింట్ ఆండ్రూస్ చర్చి కట్టిందీ, రోడ్లు వేసిందీ, మంటలార్పిందీ వాళ్ళే. ఆ చర్చి గోడలకి పూసింది గుడ్డు తెల్లసొనా బెల్లమూ కలిపి నూరిన మద్రాసు సున్నం. 1873లో వాళ్ళ జైలు ఎత్తేశారు. జీతమిచ్చి పెట్టుకున్న ఫైర్ బ్రిగేడ్ 1888లో గానీ రాలేదు.

అదే 1888 ఫిబ్రవరిలో ఈ వసారాల మీదే పెద్ద గొడవ జరిగింది. మునిసిపాలిటీ వాళ్ళు వసారాల్లోని సరుకులు తీయించబోతే, చీనా కొట్లన్నీ మూతపడ్డాయి. రాళ్ళు పడ్డాయి, ట్రాములు ఆగాయి. చివరికి రాజీ కుదిరింది: మనుషులు నడిచేంత చోటు వదిలి, మిగతాది మీరు వాడుకోండి అని. అంటే నా గోడవార లెక్క ఆ రోజుల్లో చెల్లేదన్నమాట. అంకుల్ తాతలు రాళ్ళు రువ్వి సంపాదించుకున్న హక్కుని ఆయన నా మీద వాడుతున్నాడు, చూడండి!

అంతకు ముందు 1857 జనవరిలో కూడా కొట్లు మూశారు. కలకత్తాలో చేసిన పోలీసు చట్టమూ, ఊరి శుభ్రత చట్టమూ మద్రాసుకీ సింగపూర్‌కీ ఒకే దెబ్బలో వర్తించాయి. 1867 దాకా ఈ ఊరు మన గవర్నర్ జనరల్ చేతి కిందిదే. వీధిలో ఎవడు ఎక్కడ ఆగాలో, ఎవడు ఆగకూడదో చెప్పిన కలం ఇద్దరికీ ఒకటే.

మేం పని చేసే చోటికి దగ్గర్లో, టాంజాంగ్ పాగర్ మలుపులో, 1903-04లో కట్టిన రిక్షా స్టేషన్ ఇంకా ఉంది. షాంఘై నుంచి 1880లో రిక్షాలు వచ్చాయి. కొద్ది ఏళ్ళకే వాటికి లైసెన్సు, నంబరు బిళ్ళ, తనిఖీ. ఎక్కడ ఆపాలో పోలీసు చెబుతాడు, తప్పితే జరిమానా. 1901లో రిక్షావాళ్ళు సమ్మె చేశారు. మా ఉత్తరాంధ్ర నుంచి రంగం, అంటే రంగూన్, పోయినవాళ్ళు అక్కడ రిక్షాలు లాగారు. ఇక్కడ లాగింది చీనావాళ్ళు. లాగుతున్నంతసేపూ ఎవరూ ఏమీ అనరు. ఆగితేనే తంటా.

ఈ మాట చెబితే మా ఆవిడ ఫోనులో, "మనూళ్ళో అరుగు మీద కూర్చుంటే ఎవరన్నా లేవమంటారా?" అంది. అనరు. ఎండలో వచ్చినవాడికి మంచినీళ్ళిచ్చి మరీ కూర్చోబెడతారు. నాకూ అదే గుర్తొచ్చి కడుపు మండింది. కానీ మా తాత ఏ అరుగూ ఎక్కినవాడు కాదు. కరణం గారింటికి పనిమీద వెళ్తే వీధిలోనే నిలబడి మాట్లాడేవాడని నాన్న చెప్పేవాడు. ఇక్కడి వసారాలో నేను ఏ కులమో ఎవరూ అడగలేదు. బ్యాంకు ఉద్యోగి నడిచే రాళ్ళ మీదే నేనూ నడుస్తాను. కూర్చోనివ్వరు, అంతే. ఏది మేలో తేల్చుకోలేక, రెండిటి మీదా ఒకేసారి కోపం వస్తోంది. మా ఆవిడకి మాత్రం తాత సంగతి చెప్పలేదు.

ఫోర్‌మాన్‌ని అడిగితే వెనక సందు చూపించాడు. అక్కడ ఫైరింజనుకి అడ్డు పెట్టొద్దని ఎర్ర బోర్డు ఉంది. ఇప్పుడు మమ్మల్ని పనికి తెచ్చే లారీ వెనకే ఎక్కి తింటున్నాం. అందులో ఎంతమంది కూర్చోవచ్చో లారీ పక్కన రాసే ఉంటుంది.