పాదం కంటే ముందు చేయి

అలిపిరి నుండి తిరుమలకు నడిచి వెళ్లే దారిలో 3,550 మెట్లున్నాయి. వాటిలో సగానికి పైగా గాలిగోపురం చేరేలోపే ఎక్కవలసి ఉంటుంది గనుక కాళ్లకు గట్టి పరీక్ష మొదట్లోనే ఎదురవుతుంది. అంతటి నిటారు దారిలో ప్రతి మెట్టు దగ్గరా నడుము వంచి, పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, మొక్కున్నవారు కర్పూరం కూడా వెలిగించి, ఆ తరువాతనే పైకి అడుగు వేసే మెట్లపూజ, చూసేవారికి శ్రమ మీద శ్రమగా తోచవచ్చు. ఉదయం నేల మీద కాలు మోపే ముందు మన పెద్దలు చదువుకొనే శ్లోకాన్ని దాని పక్కన పెట్టి చూస్తే ఆ పూజ అంతరార్థం తెలుస్తుంది.

సముద్రవసనే దేవి పర్వతస్తనమండలే ।
విష్ణుపత్ని నమస్తుభ్యం పాదస్పర్శం క్షమస్వ మే ॥

సముద్రాన్ని వస్త్రంగా కట్టుకొని, పర్వతాలను స్తనాలుగా ధరించిన తల్లీ, నా పాదం నిన్ను తాకుతున్నందుకు క్షమించు అని దీని భావం. నడవక తప్పదు, నడిస్తే తల్లిని తొక్కక తప్పదు. తిరుమల కొండ ఆదిశేషుని శరీరమేనని నమ్మేవారికి ఈ సంకోచం మరింత పెరుగుతుంది. ఆ సంకోచంతోనే రామానుజాచార్యులు మోకాళ్ల మీద కొండెక్కారని, అందుకే ఆయన అలా ఎక్కిన చోటికి మోకాళ్లపర్వతమని పేరు వచ్చిందని సంప్రదాయం చెబుతుంది. బాలుడైన అన్నమయ్య చెప్పులతో ఎక్కుతూ అక్కడే అలసి వెదురు పొద నీడన నిద్రపోగా, అలమేలుమంగ కలలో కనిపించి, ఈ కొండ విష్ణు రూపమైన సాలగ్రామ శిలల మయమని, పాదరక్షలు విడవమని చెప్పిందని ఆయన మనుమడు చిన్నన్న రాసిన చరిత్రలో ఉంది.

మెట్లపూజలో కాలు పడబోయే చోట ముందుగా చేయి పడుతుంది. క్షమస్వ మే అన్న మాటను వేళ్లతో పలకడమే అది. ముందు వెళ్లినవారు పెట్టిన బొట్టు ఆరి రాతికి అంటుకొని ఉంటుంది. దాని మీదే మన తడి పసుపు పడుతుంది, కాసేపటికే వెనుక వచ్చేవారి పాదాలకు పారాణిలా అంటుకుంటుంది. మనం పెట్టిన బొట్టు చెరిగిపోయిందని నొచ్చుకోనక్కరలేదు. అది భక్తుల పాదాలకే చేరింది కదా. ఇలా వంగుతూ ఎక్కేవారి చూపు శిఖరం మీద నిలవదు. ఇంకా ఎంత దూరమో అన్న ఆరాటం తగ్గి, కంటి ఎదుట ఉన్న మెట్టే ఆ క్షణానికి సన్నిధి అవుతుంది. కొండే స్వామి రూపమైనప్పుడు అలా అనుకోవడం తప్పు కాదు.

అయితే ఒక్కటి చెప్పక తప్పదు. పాదస్పర్శకు క్షమాపణ కోరిన చేతితోనే ఖాళీ కుంకుమ పొట్లాన్నీ కర్పూరం కాగితాన్నీ అదే మెట్టు మీద వదిలివేయడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఇక నడుము వంగని పెద్దలు మెట్టు మెట్టుకూ పసుపు రాయలేకపోయామని బాధపడవలసిన పని లేదు. అలిపిరి దగ్గర మొదటి మెట్టును ఒక్కసారి తాకి, ఈ శ్లోకం చదువుకొని ఎక్కినా పూజలో లోటు ఉండదని నా విశ్వాసం.